తొందర ఎవరిది?

"ఆలస్యం అమృతం విషం" అన్నది మన పెద్దలే. "నిదానమే ప్రధానం" అన్నదీ ఆ పెద్దలే. ఏది ఎప్పుడు పాటించాలో మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయారు. చిన్నప్పుడు పరీక్షల ముందు మా నాన్నగారు మొదటిది చెప్పేవారు. రోడ్డు దాటేటప్పుడు మా అమ్మ రెండోది చెప్పేది. ఎవరి సామెత వాళ్ళ దగ్గర వుండేది కాబట్టి నాకెప్పుడూ ఇబ్బంది కలగలేదు. ఈ రెండూ ఎదురెదురుగా నిలబడి నన్ను నిలదీసింది మా అత్తగారి పెరట్లో, ఒక మామిడి మొక్క దగ్గర.

మా అత్తవారిది మాకవరపాలెం. నర్సీపట్నం పక్కనే. ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. మామిడి, జీడిమామిడి ఆ ప్రాంతానికి కొత్తవి కావు. పెరడంటూ వున్న ఇంట్లో ఏదో ఒక పళ్ళచెట్టు వుండాల్సిందే. అయినా ఈ మొక్క సంగతి వేరు.

ఆరేళ్ళ క్రితం, మా మామగారు పోయిన ఏడు, చోడవరం వైపు వున్న అత్తగారి పుట్టింటి వీధిలో రోడ్డు వెడల్పు చేశారు. వాళ్ళ నాన్నగారు పాతిన మామిడి చెట్టు ఆ వెడల్పులో పోయింది. కొట్టేసే ముందు దిగిన ఆఖరి కాపు ఒక బుట్టెడు తమ్ముడు పంపించాడు. అందరం తిన్నాం. అందరం టెంకలు పారేశాం. ఆవిడ మాత్రం ఒక టెంకని కడిగి, ఆరబెట్టి, నూతి పక్కన పాతింది.

"మా నాన్న చెట్టు ఇక్కడ మళ్ళీ కాస్తది. ఆ పండొక్కటి తినీసి పోతాను" అంది.

అప్పటికి ఆవిడకి డెబ్భై మూడేళ్ళు. ఆ "పోతాను" అన్న మాట విన్నప్పటి నుంచీ ఇంట్లో అందరికీ కంగారు పట్టుకుంది. మొక్క ఎదిగింది. మనిషెత్తు దాటింది. ఎర్రటి చిగుళ్ళు వేసేది, అవి పచ్చబడేవి, మళ్ళీ చిగుళ్ళు. పూత మాత్రం లేదు. మాఘమాసం వచ్చేసరికి వీధిలో ప్రతి చెట్టూ పూసి ఘుమఘుమలాడుతుంటే మా మొక్క మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి వుండేది.

ఇక సలహాలు. మన దేశంలో పిల్లలు లేని ఆడదానికీ, కాయని చెట్టుకీ సలహా చెప్పని మనిషి వుండడు. మొదట్లో మేకు కొట్టమంది పక్కింటావిడ. మొదలు చుట్టూ ఉంగరంలా బెరడు వలిచెయ్యమన్నాడు పాలు పోసే అతను. పాత చెప్పు కట్టమంది మా పెద్దాడపడుచు. మా మరిది చదువుకున్నవాడు గనక ఫోను తీసి చూసి, "కల్టార్ అని మందుంది వదినా, పాదులో పోస్తే చచ్చినట్టు పూస్తుందిట" అన్నాడు. ఆ "చచ్చినట్టు" అన్న మాట ఎంత నిజమో అప్పుడు తెలియలేదు.

నేను చదివింది బి.ఏ. నాకు చెట్టంటే కవిత్వంలో వచ్చే చెట్టే. అయినా కథలు రాసేదాన్ని కదా, ప్రతిదానికీ "ఎందుకు" అని అడిగే జబ్బొకటుంది. అడిగి, చదివి తెలుసుకున్నది మీకూ చెబుతాను.

ఆకులు వండిన వంట బెరడు లోపలి పొరలోంచి వేళ్ళకు దిగుతుంది. చుట్టూ బెరడు వలిచేస్తే ఆ వంట దిగే దారి లేక పైనే నిలిచిపోతుంది. పైకొమ్మకు పూత రావచ్చు, కింద వేళ్ళకు మాత్రం పస్తు. గాయం మానకపోతే చెట్టే పోతుంది. మేకు కూడా అలాంటి గాయమే, కాకపోతే మోటుది. ఇక కల్టార్. దాని అసలు పేరు పాక్లోబ్యుట్రజోల్. చెట్టు పొడుగెదగడానికి కావలసిన జిబ్బరెల్లిన్ అనే పదార్థం తయారవకుండా అడ్డుపడుతుంది. ఎదగడం ఆగిన చెట్టు పూత వైపు తిరుగుతుంది. కొంకణ తీరపు ఆల్ఫాన్సో తోటల్లో దీన్ని బాగా వాడతారు. కాని అది బాగా ఎదిగి కాపుకొచ్చిన తోటలకు, కొలిచి పోయవలసిన మందు. మోతాదు మించితే కొమ్మలు కురచబారి ముడుచుకుపోతాయి. మందు నేలలో చాలాకాలం వుండిపోతుంది కూడా.

అసలు విషయం ఇంకొకటుంది. టెంక నుంచి మొలిచిన మామిడికి బాల్యం అనేది ఒకటి వుంటుందిట. అది గడవందే ఎవరేం చేసినా పూయదు. అయిదారేళ్ళు మామూలు. ఎనిమిది, పదేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. అంటు మొక్క మూడు నాలుగేళ్ళకే ఎలా కాస్తుందంటారా? వేరు చిన్న మొక్కదే, పైన అతికించిన కొమ్మ మాత్రం కాపుకొచ్చిన పెద్ద చెట్టుది. ఆ కొమ్మ తన వయసును తనతో తెచ్చుకుంటుంది. టెంక మొక్క దగ్గర అలాంటి అరువు వయసు లేదు. దాని రోజులు అదే గడపాలి.

బాధపెడితే చెట్టు పూయదా అంటే, పూస్తుంది. ఎండిపోబోయే చెట్టు కూడా ఒక్కోసారి విరగపూస్తుంది. చూసేవాళ్ళు ఆహా అనుకుంటారు. అది చెట్టు రాసుకునే వీలునామా అని మనకు తెలియదు.

ఇవన్నీ నాకు తరవాత తెలిసిన సంగతులు. దానికి ముందు పోయిన ఏడు సంక్రాంతి జరిగింది.

కనుమ నాడు అందరం చేరాం. మా పినమామగారికి పాత పద్ధతులన్నీ నోటికి వచ్చు. "ఇవన్నీ ఎందుకురా, చెట్టుని బెదిరించాలి. మా చిన్నప్పుడు అలాగే చేసేవోళ్ళం" అని గొడ్డలి తెప్పించారు. ఒకరు గొడ్డలెత్తి, "కాస్తావా, కొట్టెయ్యమంటావా?" అని అడగాలి. ఇంకొకరు చెట్టు వెనకాల నిలబడి, "కాస్తాను బాబూ, ఈ ఏటికి వదిలెయ్యి" అని చెట్టు తరఫున చెప్పాలి. అంతే, సరదాగా వుంటుంది, పిల్లలు నవ్వుకుంటారు.

"చెట్టు తరఫున ఎవరు?" అని చుట్టూ చూసి ఆయన, "నువ్వు రామ్మా" అని మా తోడికోడల్ని పిలిచారు. ఆవిడ దగ్గరగా వుంది గనక పిలిచారు. వేరే ఉద్దేశం లేదు, ఒట్టేసి చెప్పగలను. కాని ఆవిడకి పెళ్ళయి ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. విశాఖపట్నంలో ఎన్ని ఆస్పత్రుల మెట్లెక్కిందో, ఎన్ని సూదులు పొడిపించుకుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆవిడ వెళ్ళి చెట్టు వెనక నిలబడింది. ఆయన గొడ్డలెత్తి గొంతు పెంచి, "కాస్తావా, కొట్టెయ్యమంటావా?" అన్నారు.

జవాబు లేదు.

ఆయన నవ్వుతూ మళ్ళీ అడిగారు. పిల్లలు "చెప్పు పిన్నీ, చెప్పు" అని అరిచారు. ఆకుల మధ్య నుంచి ఆవిడ మొహం నాకు కనిపించింది. ఏడవడం లేదు. ఆ ప్రశ్నకు నిజంగానే జవాబు వెతుకుతున్నట్టుంది. అప్పటికి గాని నాకు తట్టలేదు మేమేం చేస్తున్నామో. నోరు పెగల్లేదు.

వంటింట్లోంచి అత్తగారు వచ్చింది, చేతులకి ఇంకా పిండి అంటుకునే వుంది. "ఆపవయ్యా. అయిదేళ్ళ మొక్కని పట్టుకుని కాస్తావా అంటావేటి? కాయకపోతే ఏటి? ఏసవిలో దాని కిందేగా మంచం ఏసుకుంటున్నాను" అంది. గొడ్డలి ఆయన చేతిలోంచి తీసుకుని నూతి గట్టు మీద పెట్టింది. కోడలి చెయ్యి పట్టుకుని, "పద, బూరెలు మాడిపోతున్నాయి" అని లోపలికి తీసుకుపోయింది. అంతే. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మన ఇళ్ళల్లో ముఖ్యమైన సంగతులన్నీ ఇలాగే వంటింట్లోకి వెళ్ళిపోతాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చెట్టును బెదిరించడం మన ఒక్కళ్ళ వేడుక కాదని తరవాత చదివాను. జపానులో జనవరి పదిహేను ప్రాంతంలో ఇదే పని చేసేవారు. అక్కడ సాధారణంగా పెర్సిమన్ చెట్టు. ఒకరు గొడ్డలితో "కాస్తావా, కాయవా?" అని అడిగితే ఇంకొకరు "కాస్తాను" అంటారు. కాని అక్కడ ఒక ముక్క ఎక్కువుంది. బెరడు మీద చిన్న గాటు పెట్టి, ఆ గాటుకి గంజిలా కాచిన అన్నం పూస్తారు. బెదిరించిన చేత్తోనే అన్నం పెట్టడమన్నమాట.

లూకా సువార్తలో ఒక అంజూరపు చెట్టు కథ వుంది. యజమాని మూడేళ్ళుగా వచ్చి చూస్తాడు. పండు లేదు. నరికెయ్యి, నేల దండగ అంటాడు. తోటమాలి, ఈ ఒక్క ఏడూ వుండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను, కాస్తే సరే, లేకపోతే అప్పుడు నరికించండి అంటాడు. కథ అక్కడితో ఆగిపోతుంది. కాసిందో లేదో చెప్పరు. నేను చాలాసేపు ఆలోచించాను. యజమానికీ తొందరే, తోటమాలికీ తొందరే. ఇద్దరికీ పండు కావాలి. యజమాని తొందరకు ఖర్చు చెట్టు భరించాలి. తోటమాలి తొందరకు ఖర్చు అతని నడుమే భరిస్తుంది, పలుగు పట్టేది అతనే గనక.

మన వైపు కథ ఇంకా అందమైనది. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో ఒక అశోక వృక్షం పూయదు. అందమైన స్త్రీ అందెల పాదంతో తన్నితే అశోకం పూస్తుందని నమ్మకం. రాణి ధారిణి ఉయ్యాల మీంచి పడి కాలు నొప్పి చేసుకుంది కాబట్టి ఆ పనికి మాళవికను పంపిస్తుంది. చెట్టుకు చేసే ఈ ఉపచారాన్ని "దోహదం" అన్నారు. ఇప్పుడు మనం "అభివృద్ధికి దోహదం చేస్తుంది" అని వార్తల్లో రాసుకునే మాట అదే. దానికి అసలు అర్థమేమిటో తెలుసా? గర్భిణి స్త్రీకి కలిగే కోరిక! వేవిళ్ళలో అడిగింది తెచ్చి పెడతామే, అది. పూయని చెట్టుకి కూడా అలాంటి కోరికే ఏదో తీరలేదని ఆ పాతకాలపు వాళ్ళు అనుకున్నారు. కాలితో తన్నడం వట్టి కల్పనే, వదిలెయ్యండి. కాని "నాకు పండెప్పుడిస్తావు?" అని అడిగే ముందు "నీకేం కావాలి?" అని అడగాలన్న మర్యాద ఆ మాటలో వుంది.

వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించాడు. చెట్టు కాపు చెడితే ఉలవలు, మినుములు, పెసలు, నువ్వులు, యవలు వేసి కాచి చల్లార్చిన పాలు పోయమంటాడు. చూలింత మనిషికి పెట్టే పథ్యంలా లేదూ? సురపాలుడి వృక్షాయుర్వేదమని ఇంకో పాత గ్రంథముంది. దాన్ని 1996లో సికిందరాబాదులో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశారు. నళినీ సాధలేగారు అనువదించారు. ఇవి ఎంతవరకు పనిచేస్తాయో శాస్త్రజ్ఞులు తేల్చాలి. గొడ్డలి తెమ్మనే ముందు పాలు కాచమన్న ఆ వరస మాత్రం నాకు నచ్చింది.

ఇంతవరకు మా పినమామగారి మీద తీర్పు చెబుతున్నట్టుంది కదూ? ఇప్పుడు నా సంగతి.

ఎనిమిదేళ్ళుగా నేను మా తోడికోడలికి ఫోను చేసినప్పుడల్లా మొదట అడిగే మాట ఒకటే: "ఏమిటమ్మా, ఏమైనా విశేషమా?" ప్రేమతోనే అడిగాను. ఆవిడ ప్రతిసారీ "ఏం లేదక్కా" అనేది. నెలకి రెండు సార్లు చొప్పున ఎనిమిదేళ్ళు లెక్కేసుకోండి. పినమామగారు గొడ్డలెత్తింది ఒక్క కనుమ నాడే. నేను ఇన్నాళ్ళూ ఫోనులో ఎత్తుతూనే వున్నాను.

మా అబ్బాయి విషయమూ అంతే. ఆరో తరగతిలోనే పెద్ద పరీక్షకు కోచింగులో వేశాం. ఇంట్లో క్యారమ్ బోర్డు అటక మీదకెక్కింది. బాలల కథల పుస్తకాలు మూట కట్టాం. ర్యాంకు వచ్చింది. అబద్ధమెందుకు, స్వీట్లు పంచాను. ఆ సాయంత్రం వాడు, "ఇప్పుడు నేను పడుకోవచ్చా అమ్మా?" అన్నాడు. అలిసిపోయాడు పాపం అనుకున్నాను. వాడిప్పటికీ ఏ పుస్తకమూ సరదాకి తెరవడు. చుట్టూ బెరడు వలిస్తే కొమ్మ పూస్తుందని, వేరు పస్తుంటుందని చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మామిడి మొక్క కాదు.

అయితే తొందరే పడకూడదా? ఇక్కడే చిక్కుంది. అత్తగారికి డెబ్భై తొమ్మిది. మొక్కకి కావలసినంత కాలముంది, ఆవిడకి లేదు. "ఓపిక పట్టండి" అని ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెబుతాం? పెళ్ళయిన పిల్ల బిడ్డ కావాలనుకోవడం, ఇంట్లో ముసలమ్మ మనవణ్ణి ఎత్తుకోవాలనుకోవడం పాపమా? కోరిక పాపం కాదు. తొందరా పాపం కాదు. ఆ తొందర ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తున్నామన్నదే ప్రశ్న. మన ఖాతాలో రాసుకుంటే అది సేవ. నోరెత్తలేనిదాని ఖాతాలో రాస్తే ఎంత ప్రేమతో చేసినా అది దౌర్జన్యమే.

ఈ మాట నాకు తేటగా అర్థమైంది నర్సరీ నడిపే ఒకతను మొక్కను చూడ్డానికి వచ్చినప్పుడు. ఆకు తుంచి చూశాడు. మట్టి చేత్తో పిసికి చూశాడు. "రోజూ ఇన్నేసి నీళ్ళు ఎవరు పోస్తున్నారండీ?" అన్నాడు.

"నేనేనయ్యా. బియ్యం కడిగిన నీళ్ళు, కుడితి, చేపలు కడిగిన నీళ్ళు, ఏదీ పారబొయ్యను" అంది అత్తగారు గర్వంగా.

"అందుకేనమ్మా, ఆకు ఇంత బలిసింది. కడుపు నిండా పెడుతూ వుంటే అది చిగురే వేస్తాది గానీ పూత మాటెందుకు తలుస్తాది? దసరా వెళ్ళాక నీళ్ళు తగ్గించీండి. పూత కాలం దాకా దాని మానాన దాన్ని వదిలెయ్యండి. ఎరువేదైనా తొలకరిలో పెట్టుకోండి. మిగతాది వయసు, అది మన చేతిలో లేదు" అన్నాడు. వెళుతూ వెళుతూ ఇంకో మాట కూడా చెప్పాడు. టెంక మొక్క తల్లి చెట్టులాగే కాయాలని లేదుట. ఆ రుచి రావచ్చు, రాకపోవచ్చు.

మేమంతా ఆవిడ మొహంలోకి చూశాం. ఆరేళ్ళ ఆశ కదా. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "నా కొడుకులు మాత్రం నాలాగున్నారేటి?" అంది. అందరం నవ్వాం. నవ్వాక ఆవిడే మెల్లిగా, "ఇన్నాళ్ళూ పొయ్యడం నా పని. ఇప్పుడు పొయ్యకుండా వుండడం నా పనా? అదే కష్టంలా వుంది" అంది. ఎక్కువ పెట్టడం కూడా తొందరే అని, ఆ ముద్దు వెనక మన అవసరమే వుండవచ్చని నేను అప్పటిదాకా అనుకోలేదు.

ఆ తొలకరికే ఆవిడ ఒక పని చేసింది. కడియం నుంచి వచ్చిన సువర్ణరేఖ అంటు ఒకటి కొనిపించి, పెరట్లో రెండో మూల పాతించింది. "నా నాలుక తొందరకి ఇది. మా నాన్న చెట్టుని ఇంక ఎవరూ ఏమీ అనకండి" అంది. ఇద్దరికీ న్యాయం చేసిందనిపించింది నాకు.

మొన్న సంక్రాంతికి మేం వెళ్ళలేకపోయాం. పండగ వెళ్ళిన నాలుగు రోజులకి తోడికోడలు ఫోను చేసింది. టెంక మొక్క ఇంకా పూయలేదు. అంటు మొక్క మాత్రం మోకాలెత్తు దాటిందో లేదో, రెండు పూతకంకులు వేసింది. అంటు కొమ్మకి వయసు ముందే వచ్చింది కదా, ఒళ్ళు మాత్రం రాలేదు. అలాంటి మొక్కకి మొదటి మూడేళ్ళూ పూత తుంచెయ్యాలి, లేకపోతే కాయ బరువుకి మొక్క కుదేలవుతుంది. ఆ సంగతి నర్సరీ అతను చెప్పే వెళ్ళాడు.

"తుంచడానికి నాకు మనసొప్పలేదక్కా. అత్తగారే వచ్చారు. నన్ను కొమ్మ పట్టుకోమన్నారు. పూత ఒకసారి వాసన చూసి, 'దీనికింకా ఒళ్ళు రాలేదమ్మా, అప్పుడే దీని మీద బరువెందుకు' అని తనే తుంచేశారు. కంకులు కొంగులో వేసుకుని అలా కూచున్నారు కాసేపు" అంది.

ఒక్క పండు తిని పోతానన్న మనిషి, ఎనభయ్యో పడిలో అడుగు పెట్టబోతూ, చేతికందిన పూతని తుంచేసింది. నాకు గొంతు పట్టేసింది. అటువైపు తోడికోడలు కూడా కాసేపు మాట్లాడలేదు. మామూలుగా అయితే ఆ ఖాళీలో నేనడిగే మాట ఒకటుంది, మీకు తెలుసు. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"భోంచేశావా?" అని అడిగాను.